ఇండియా సంతకం ఎవరు పెట్టారు?
సంధిపత్రాల కథలు – 9

పోయిన వారం 1800 అక్టోబరు 12న హైదరాబాదులో కుదిరిన ఒడంబడిక దగ్గర ఆగాం. కడప, అనంతపురం, బళ్లారి సీమలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది ఆ కాగితంతోనే. ఆ సంగతి బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. అందులోని 15వ షరతు గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కంపెనీకి ముందుగా తెలియజేసి, దానితో సంప్రదించకుండా మరే రాజ్యంతోనూ మంతనాలు మొదలుపెట్టనని నిజాం అలీఖాన్ ఒప్పుకున్నది అక్కడే. మండలాలతో పాటు, ఇంకో రాజ్యంతో సొంతంగా సంధి చేసుకునే స్వేచ్ఛ కూడా ఆనాడే పోయింది.

ఈ వారం కథ దీనికి తలకిందులు. సొంతంగా సంధి చేసుకునే హక్కు లేని దేశం పేరిట, ప్రపంచంలోకెల్లా పెద్ద సంధి మీద సంతకం పడింది. పెట్టినవాళ్లను ఆ దేశ ప్రజలు ఎన్నుకోలేదు, పంపలేదు, చాలామందికి ఆ పేర్లు కూడా తెలియవు. అయినా ఆ సంతకం చెల్లింది. చెల్లడమే కాదు, పెట్టించినవాళ్లు కలలో కూడా అనుకోని పనులు చేసింది.

అద్దాల మహలు

1919 జూన్ 28, శనివారం. పారిస్ శివార్లలోని వెర్సాయ్ రాజప్రాసాదం. ఒకవైపు తోటలోకి తెరుచుకునే 17 కిటికీలు, వాటికి ఎదురుగా 17 కమానుల నిండా అద్దాలు. 1871 జనవరిలో ఫ్రాన్సును ఓడించిన జర్మన్లు తమ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నది ఈ హాల్లోనే. అందుకే ఫ్రెంచివాళ్లు పంతం పట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ చేత ఇక్కడే సంతకం పెట్టించారు. తేదీకీ ఓ లెక్క ఉంది. సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగి ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్లు.

మధ్యాహ్నం మూడు దాటాక జర్మన్ మంత్రులు హెర్మన్ ముల్లర్, యోహాన్నెస్ బెల్ ముందుగా సంతకాలు పెట్టారు. తర్వాత అమెరికా వంతు. ఆ తర్వాత బ్రిటన్, దాని వెనకే కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్. వాటి తర్వాత ఇండియా.

ఇండియా తరఫున పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకాయన ఎడ్విన్ మాంటేగు, లండన్‌లో కూర్చుని ఇండియాను ఏలే మంత్రి. అంటే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, బ్రిటిష్ కేబినెట్ మనిషి. రెండో ఆయన బికనీర్ మహారాజు గంగాసింగ్. అప్పటికి 38 ఏళ్లు. 'గంగా రిసాలా' అనే ఒంటెల దళాన్ని పోషించి, యుద్ధంలో ఈజిప్టు ఎడారికి పంపిన సంస్థానాధీశుడు. ప్రతినిధి వర్గంలో మూడో మనిషి సత్యేంద్ర ప్రసన్న సిన్హా. బ్రిటన్ ప్రభువుల సభలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయనే. సంధిపత్రంలో మాత్రం ఆయన పేరు లేదు.

ఆ రోజు దృశ్యాన్ని విలియం ఓర్పెన్ అనే చిత్రకారుడు పెద్ద తైలవర్ణ చిత్రంగా గీశాడు. లండన్‌లోని యుద్ధ మ్యూజియంలో ఉంది. ముందు వైపు కుర్చీలో కూర్చుని సంతకం చేస్తున్న బెల్, ఆయన మీదుగా వంగి చూస్తున్న ముల్లర్. బల్లకు అవతల నడిమధ్యలో అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఫ్రాన్సు ప్రధాని క్లెమన్సో, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్. వాళ్ల వెనక నిలబడ్డ వరసలో మాంటేగు, బికనీర్ మహారాజు. వాళ్లందరి తలల మీదా ఎత్తయిన అద్దాలు. మనుషులు చిన్నగా, హాలు పెద్దగా కనిపించే బొమ్మ అది.

ఆ సంతకానికి 76 రోజుల ముందు అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. దానికి నిరసనగా రవీంద్రనాథ్ టాగూర్ తన 'సర్' బిరుదు వదులుకుంటూ వైస్రాయికి ఉత్తరం రాసి అప్పటికి నాలుగు వారాలు. వెర్సాయ్‌లో ఇండియా పేరు మోగుతున్నప్పుడు ఇండియాలో పరిస్థితి అది.

జీపీఏ హోల్డరు

సంధి మీద ఎవరు సంతకం పెట్టవచ్చు? రిజిస్ట్రేషన్ ఆఫీసు మొహం చూసిన ప్రతి తెలుగువాడికీ ఇది తెలిసిన ప్రశ్నే. స్థలం ఒకరిది, సంతకం జీపీఏ హోల్డరుది. జీపీఏ కాగితం సరిగా ఉంటే ఆ సంతకం యజమాని పెట్టినట్టే. సంధి చేయడానికి వెళ్లే రాయబారి చేతిలోనూ అలాంటి అధికారపత్రం ఒకటి ఉంటుంది. అది ఎవరు ఇచ్చారు, ఏ మేరకు ఇచ్చారు అన్నది ముందు చూసుకుంటారు. పాత సంధుల్లో సంతకాలకు ముందు తప్పకుండా ఓ వాక్యం వస్తుంది: మేము ఒకరి అధికారపత్రాలు ఒకరం పరిశీలించుకున్నాం, సక్రమంగా ఉన్నాయి అని.

వెర్సాయ్‌లో ఆ పత్రం ఇచ్చినది ఐదో జార్జి చక్రవర్తి. సంధి పీఠికలో కక్షిదారుగా కనిపించేది ఆయనే. కెనడా కోసం ఫలానావారు, ఇండియా కోసం ఫలానావారు అని ఆయన ఏజెంట్ల పేర్లు కింద వరసగా ఉంటాయి. న్యాయశాస్త్రం ప్రకారం చూస్తే యజమాని ఒక్కడే, ముక్త్యార్లు పలువురు. కాబట్టి ఇండియా సంతకం వేరే ఎందుకు, చక్రవర్తి సంతకం చాలదా అని అడగవచ్చు. చాలేదే. వేరే సంతకాల కోసం పట్టుబట్టింది మొదట కెనడా. యుద్ధంలో అంతమంది కొడుకులను పోగొట్టుకున్నాం, మా పేరు మాకు విడిగా కావాలి అని ప్రధాని రాబర్ట్ బోర్డెన్ లండన్ మీద ఒత్తిడి తెచ్చాడు. ఆ తలుపు కెనడా కోసం తెరిచాక ఇండియాను బయట నిలబెట్టడం కష్టమైంది. పది లక్షల మందికి పైగా సిపాయిలు సముద్రాలు దాటారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. 1917లో ఖజానా నుంచి 10 కోట్ల పౌండ్లు 'కానుక'గా వెళ్లాయి. పారిస్ శాంతి సభలో కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకు రెండేసి కుర్చీలు ఇచ్చినప్పుడు ఇండియాకూ రెండు ఇచ్చారు.

ఆ కుర్చీల్లో కూర్చోవలసింది ఎవరన్న విషయంలో దేశం మౌనంగా ఏమీ లేదు. 1918 డిసెంబరులో ఢిల్లీ కాంగ్రెస్ మహాసభ తన ప్రతినిధులుగా తిలక్, గాంధీ, సయ్యద్ హసన్ ఇమామ్ పేర్లను ప్రకటించింది. తిలక్ అప్పుడు ఓ పరువునష్టం దావా పని మీద లండన్‌లోనే ఉన్నాడు. శాంతి సభ అధ్యక్షుడు క్లెమన్సోకు మహజరు రాశాడు. ఇంగ్లిష్ కాలువ దాటితే పారిస్. పాస్‌పోర్టు ఇవ్వలేదు.

ఒక పదం తెరిచిన తలుపు

వెర్సాయ్ సంధిలో 440 అధికరణాలు ఉన్నాయి. అందులో మొదటి 26 కొత్తగా పుట్టబోయే నానాజాతి సమితి నియమావళి. ఇండియా సంగతి తేలింది వీటిలో మొట్టమొదటి అధికరణంలోనే.

సమితిలో చేరడానికి అది రెండు దారులు పెట్టింది. మొదటిది, ఈ సంధి మీద సంతకందారులై ఉండి, అనుబంధంలో పేరున్నవాళ్లు పుట్టుకతోనే సభ్యులు. రెండోది, ఆ జాబితాలో లేనివాళ్లు తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ వాళ్లు సంపూర్ణ స్వపరిపాలన ఉన్న రాజ్యమో, డొమినియనో, వలసో అయి ఉండాలి. మూడింట రెండు వంతుల ఓట్లూ రావాలి.

రెండో దారిలో వెళితే ఇండియా గుమ్మం దగ్గరే ఆగిపోయేది. స్వపరిపాలన ఎక్కడుంది? నియమావళి ముసాయిదా తయారవుతున్నప్పుడు అమెరికా అధ్యక్షుడు విల్సన్ కూడా ఈ మాటే అన్నాడు. ఇండియా అంటే గౌరవమే కానీ, అది తనను తాను పాలించుకుంటోందని లోకం అనుకోవడం లేదు కదా అని. మొదటి దారిలో ఆ ప్రశ్నే రాదు. అక్కడ అడిగేది ఒక్కటే: సంతకందారువా, కాదా? స్వతంత్రుడివా అని ఎవరూ అడగరు.

అనుబంధంలోని జాబితా ఇప్పటికీ చూడవచ్చు. 'బ్రిటిష్ సామ్రాజ్యం' అన్న పేరు కింద, కొంచెం లోపలికి జరిపి ఐదు పేర్లు అచ్చువేశారు. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఇండియా. ఆ లోపలికి జరిపిన కాస్త ఖాళీలోనే మొత్తం రాజకీయం ఉంది. సామ్రాజ్యంలో భాగమే, కానీ విడి సభ్యుడు. అలా సమితి తొలి సభ్యులందరిలోకీ సొంత ప్రభుత్వం లేని దేశంగా ఇండియా ఒక్కటే మిగిలింది.

లండన్ లెక్క తేలికే. సమితిలో ఇండియా ఓటు కూడా తన జేబులోదే. ఆ లెక్క చాలా ఏళ్లు సరిగానే నడిచింది.

సంతకం వేరు, కట్టుబాటు వేరు

ఇక్కడ ఒక చిక్కు విప్పుకుని ముందుకు పోవాలి. పత్రికల్లో 'ఫలానా ఒప్పందంలో మనదేశం సంతకందారు' అని చదవగానే మనం దానికి కట్టుబడ్డామని అనుకుంటాం. అది సగం నిజమే. పెద్ద ఒప్పందాల్లో సంతకం తొలి మెట్టు. ఇంటికి తీసుకెళ్లి తమ రాజ్యాంగం చెప్పిన పద్ధతిలో ధ్రువీకరించి, ఆ పత్రాన్ని అప్పగించాకే దేశం పూర్తి కక్షిదారు అవుతుంది.

దీనికి వెర్సాయ్‌ను మించిన సాక్ష్యం లేదు. సమితి జాబితాలో మొట్టమొదటి పేరు అమెరికాది. సమితి అన్నది విల్సన్ మానసపుత్రిక. ఆయన స్వహస్తంతో సంతకం పెట్టాడు. 1919 నవంబరులో ఒకసారి, 1920 మార్చిలో మరోసారి అమెరికా సెనేట్ ఆ సంధిని తిరగ్గొట్టింది. అమెరికా సమితిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. జర్మనీతో వేరే సంధి చేసుకుని 1921లో యుద్ధం ముగించింది.

చైనాది ఇంకో కథ. జాబితాలో దాని పేరూ అచ్చయింది. కానీ షాన్‌టుంగ్ ప్రాంతంలో జర్మనీకి ఉన్న హక్కులను 156 నుంచి 158 అధికరణాలు చైనాకు కాకుండా జపాన్‌కు కట్టబెట్టాయి. బీజింగ్‌లో విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. జూన్ 28న అద్దాల మహల్లో చైనా కుర్చీలు ఖాళీ. తర్వాత సెప్టెంబరులో ఆస్ట్రియాతో జరిగిన సంధి మీద చైనా సంతకం చేసింది. అందులోనూ ఇదే నియమావళి ఉండడంతో ఆ దారిన సమితిలోకి వచ్చింది. అవమానాన్ని మింగకుండానే సభ్యత్వం తెచ్చుకుంది.

అంటే ఆ రోజు మూడు రకాల సంతకాలు కనిపించాయి. తానే పెట్టినా ఇంట్లో చెల్లనిది అమెరికాది. పెట్టకుండా విలువ నిలబెట్టుకున్నది చైనాది. వేరేవాళ్లు పెట్టినా చెల్లిపోయినది మనది.

జెనీవాలో ఇరవై ఏళ్లు

1920 జనవరి 10న సంధి అమల్లోకి వచ్చింది. ఆనాటి నుంచి ఏటా సమితి కేంద్రమైన జెనీవాకు ఇండియా ప్రతినిధి వర్గం వెళ్లేది. లండన్, ఢిల్లీ ప్రభుత్వాలు ఎంచిన మనుషులు. శ్రీనివాస శాస్త్రి, ఆగాఖాన్, సంస్థానాధీశులు. ఏలూరు వకీలు, జస్టిస్ పార్టీ నాయకుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1928లో వెళ్లారు. సమితి మేధో సహకార సంఘంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి సభ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా వాల్తేరులో పనిచేస్తూనే జెనీవా సమావేశాలకు హాజరయ్యేవారు.

అదే 1928 ఆగస్టు 27న పారిస్‌లో ఇంకో పెద్ద సంతకాల పండుగ జరిగింది. జాతీయ విధాన సాధనంగా యుద్ధాన్ని త్యజిస్తున్నామని దేశాలన్నీ ఒప్పుకున్న కెల్లాగ్–బ్రియాన్ ఒప్పందం. బ్రిటన్ తరఫున సంతకం లార్డ్ కుషెండన్‌ది. ఇండియా తరఫున సంతకం? అదీ లార్డ్ కుషెండన్‌దే. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే కాగితం మీద ఇద్దరు సంతకందారులయ్యాడు. వెర్సాయ్‌లో కనీసం ఒక తలపాగా అయినా కనిపించింది.

యుద్ధాన్ని ఇండియా చేత అలా వదిలిపెట్టించారు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో, ఏ భారతీయ నాయకుణ్ణీ అడక్కుండా, ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా రాష్ట్రాల్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. శాంతి సంతకానికీ మన చెయ్యి లేదు, యుద్ధ ప్రకటనకూ మన నోరు లేదు.

కర్నూలు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో

1942 జనవరి మొదటి రెండు రోజుల్లో వాషింగ్టన్‌లో 26 దేశాలు ఐక్యరాజ్యాల ప్రకటన మీద సంతకాలు చేశాయి. ఇండియా తరఫున గిరిజా శంకర్ బాజ్‌పాయ్ చేశారు. వెర్సాయ్‌లో ఇండియా విడిగా సంతకం చేసింది కాబట్టి ఇక్కడా విడిగా చేయడం ఆచారమైంది. ఒకసారి కాగితం మీదికెక్కిన పేరును తర్వాతి కాగితం కూడా ఎక్కించుకుంటుంది.

1945 జూన్ 26. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద 50 దేశాల సంతకాలు. మొదటి సంతకం చైనాకు ఇచ్చారు. కుంచె పట్టుకుని పెట్టినవాడు వెల్లింగ్టన్ కూ. 26 ఏళ్ల కిందట వెర్సాయ్‌కి పోకుండా ఆగిన చైనా ప్రతినిధుల్లో ఈయన ఒకరు.

ఇండియా వంతు వచ్చినప్పుడు సంతకం పెట్టినవాళ్లలో మొదటివారు ఆర్కాట్ రామస్వామి మొదలియార్. 1887లో కర్నూలులో పుట్టారు. 1800 ఒడంబడికతో చేతులు మారిన ప్రాంతాలకు పక్కనే ఉన్న ఊరు. తర్వాత మద్రాసులో 'జస్టిస్' పత్రికకు సంపాదకులయ్యారు, వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యులయ్యారు. రెండో సంతకం వి.టి. కృష్ణమాచారిది. ఆయన బరోడా దివానుగా పేరు తెచ్చుకున్నవారు.

ఆ హాలు బయట విజయలక్ష్మీ పండిట్ ఉన్నారు. లోపల కూర్చున్నవాళ్లు మా దేశ ప్రతినిధులు కారు అని పత్రికలవాళ్లకు చెప్తూ, సభకు మహజరు ఇస్తూ. ఆమె అన్నది నిజమే. లోపల పడిన సంతకమూ నిజమే. ఐరాస వ్యవస్థాపక సభ్యుల్లో ఇండియా పేరు ఆ సంతకంతోనే చేరింది. మొదలియార్ మరుసటి ఏడాది ఆర్థిక సామాజిక మండలికి తొలి అధ్యక్షులయ్యారు.

జేబులోని ఓటు ఎదురు తిరిగింది

లండన్ లెక్క తప్పింది 1946లో. అప్పటికి ఢిల్లీలో నెహ్రూ ఉపాధ్యక్షుడిగా తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. కానీ ఐరాసలో కుర్చీ సిద్ధంగా ఉంది. ఈసారి ఆ కుర్చీలో విజయలక్ష్మీ పండిట్ కూర్చున్నారు.

దక్షిణాఫ్రికాలో భారతీయుల భూమి హక్కులను కత్తిరిస్తూ ఆ ఏడాదే ఒక చట్టం వచ్చింది. నాటాల్‌లోని ఆ జనంలో చాలామంది తెలుగువాళ్లు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి వెళ్లిన విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు కుటుంబాల పిల్లలు. ఇందాక జెనీవాలో కనిపించిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1929 నుంచి 1932 దాకా అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నారు. ఆ రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది.

ఇండియా ఈ అన్యాయాన్ని ఐరాస సర్వసభ్య సభ ముందు పెట్టింది. అవతలి పక్షాన ఫీల్డ్ మార్షల్ స్మట్స్. వెర్సాయ్‌లో దక్షిణాఫ్రికా తరఫున, సంధి నచ్చలేదని ప్రకటన ఇచ్చి మరీ సంతకం పెట్టినవాడు. ఐరాస చార్టర్ పీఠిక తొలి ముసాయిదా రాసినవాడు. ఇది మా ఇంటి వ్యవహారం, మీకు సంబంధం లేదు అన్నాడు. బ్రిటన్ ఆయన పక్షాన నిలిచింది. 1946 డిసెంబరు 8న ఓటింగు జరిగింది. ఇండియా పక్షాన్ని సమర్థించిన తీర్మానానికి అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15, తటస్థంగా 7. మూడింట రెండు వంతులు దాటింది.

బ్రిటన్ తన అదనపు ఓటు కోసం 1919లో పెట్టించిన సంతకం, బ్రిటన్ కళ్లెదుటే బ్రిటన్ పక్షాన్ని ఓడించింది. ఇంకా ఆ దేశపు జెండా ఢిల్లీ మీద ఎగురుతుండగానే.

1947లో విభజన వచ్చినప్పుడు ఆస్తులతో పాటు సంతకాల పంపకమూ వచ్చింది. ఆగస్టులో వెలువడిన ఉత్తర్వు ప్రకారం అంతర్జాతీయ సంస్థల్లో పాత ఇండియా సభ్యత్వం కొత్త ఇండియాకే దక్కింది. పాకిస్తాన్ కొత్తగా దరఖాస్తు పెట్టుకుని సెప్టెంబరు 30న చేరింది. ఒకే ఉమ్మడి కుటుంబం. పేరు మాత్రం ఒకరికే సంక్రమించింది.

పెట్టని సంతకాలు

స్వతంత్ర భారతం పెట్టిన సంతకాలు వేలల్లో ఉంటాయి. మన పద్ధతిలో ఒప్పందాన్ని ధ్రువీకరించేది కేంద్ర మంత్రివర్గం. అమెరికాలోలా పార్లమెంటు ముందు ఓటుకు పెట్టాలన్న నియమం లేదు. దానికి తగ్గ చట్టం కావాల్సి వస్తేనే పార్లమెంటుకు పోతుంది. సంతకం పెట్టి ధ్రువీకరించకుండా వదిలేసినవీ ఉన్నాయి. చిత్రహింసల నిరోధక ఒడంబడిక మీద 1997 అక్టోబరులో సంతకం చేసిన మనదేశం ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు.

కానీ ఇండియాకు పేరు తెచ్చినవి, తిట్లు తెచ్చినవి పెట్టని సంతకాలే. 1968 అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని అది ఐదు దేశాలకో న్యాయం, మిగతావాళ్లకో న్యాయం అంటోందని తోసిపుచ్చింది. 1996లో అణుపరీక్షల నిషేధ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. ఆ నిర్ణయాలు సరైనవా కాదా అన్న వాదన వేరు, అది ఇంకా నడుస్తూనే ఉంది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. 1928లో కుషెండన్ ప్రభువు కలం ఎత్తినప్పుడు వద్దనే అవకాశం ఇండియాకు లేదు. సంతకందారు కావడానికి స్వాతంత్ర్యం అక్కర్లేదని వెర్సాయ్ చూపించింది. సంతకం పెట్టను అని చెప్పడానికి మాత్రం అది తప్పనిసరి.

(వచ్చే వారం: 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం మీద సంతకం చేసిన ఏడో నిజాం, తొమ్మిది నెలలు తిరగకుండా భద్రతా మండలి తలుపు తట్టాడు. హైదరాబాదు ఒక రాజ్యమా, కాదా అన్న ప్రశ్న న్యూయార్కు దాకా ఎలా వెళ్లింది?)